వర్చువల్ మెషీన్‌లో డిస్క్ ఏం చేస్తోందో ఎవర్ని అడగాలి? లోపలి లెక్క, బయటి లెక్క ఎందుకు కలవవు

వర్చువల్ మెషీన్లు నడిపేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే సీన్ ఇది. లోపల టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ 100 శాతం బిజీ అని చూపిస్తుంది, విండో ఒకటి తెరుచుకోవడానికే పది సెకన్లు పడుతుంది, సరే అని బయటికొచ్చి అసలు కంప్యూటర్లో చూస్తే అక్కడ డిస్క్ 3 శాతం దగ్గర ప్రశాంతంగా ఉంటుంది. ఇంకోసారి అంతా తిరగబడుతుంది. లోపల ఫైల్ చదివే స్పీడు సెకనుకి 2 జీబీ అని వస్తుంది, కింద ఉన్నదేమో తిరిగే పళ్లేల పాత హార్డ్ డిస్క్, అది ఎంత కష్టపడినా సెకనుకి 150 ఎంబీ దాటదు. మరి ఇందులో తప్పు చెప్తున్నది ఎవరు అంటే, ఎవరూ కాదు. రెండూ నిజమైన నంబర్లే, ఒక్కొక్కటీ ఒక్కో చోట నిలబడి తన ముందునుంచి పోయేవాటిని లెక్కపెడుతోంది అంతే.

ఆ చోట్లు ఏంటి, ఏ చోట ఏది కనిపిస్తుంది, ఏది కనిపించదు అనేది ఒకసారి మొదటినుంచి చూద్దాం. ఈ విషయంలో నాకు బాగా అర్థమైంది ఒకటే, ఒక్క చోట తీసిన ఒక్క నంబరు చూసి ఏమీ తేల్చలేం, రెండు చోట్ల తీసిన నంబర్ల మధ్య తేడా ఎంతో చూస్తే అప్పుడు జవాబు దొరుకుతుంది.

గెస్ట్, హోస్ట్, ఎమ్యులేటర్: ముందు ఎవరు ఎవరో

అసలు కంప్యూటర్‌ని హోస్ట్ అంటాం. దాని లోపల, తనే ఒక పూర్తి కంప్యూటర్ని అనుకుంటూ నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌ని గెస్ట్ అంటాం. ఆ గెస్ట్‌కి డిస్క్, నెట్‌వర్క్ కార్డ్, కీబోర్డ్ లాంటివన్నీ ఉన్నట్టు చూపించేది ఎమ్యులేటర్. క్యూఎమూ అనేది ఇందులో బాగా తెలిసిన పేరు, ఫాబ్రిస్ బెల్లార్డ్ 2003లో మొదలుపెట్టాడు. తర్వాత 2007లో లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) 2.6.20లోకి కేవీఎమ్, అంటే కెర్నల్‌లోనే ఉండి వర్చువల్ మెషీన్లు నడిపే భాగం, వచ్చి చేరింది, అప్పట్నుంచి ప్రాసెసర్ పనిని అసలు ప్రాసెసరే నేరుగా చేస్తుంది, డిస్క్ లాంటి పరికరాల వేషం మాత్రం క్యూఎమూనే వేస్తుంది. అందుకే కేవీఎమ్ వాడుతున్నా సరే డిస్క్ విషయానికొస్తే మనం ఎమ్యులేటర్ గురించే మాట్లాడుతున్నట్టు లెక్క.

గెస్ట్‌కి కనిపించే 40 జీబీ డిస్క్ చాలాసార్లు హోస్ట్‌లో ఒక మామూలు ఫైల్. దాన్ని డిస్క్ ఇమేజ్ అంటారు. క్యూఎమూకి క్యూకౌ2, వర్చువల్‌బాక్స్‌కి వీడీఐ, వీఎంవేర్‌కి వీఎండీకే, ఇలా ఒక్కోదానికి ఒక్కో ఫార్మాట్. 40 జీబీ అని గెస్ట్‌కి చెప్పినా ఆ ఫైల్ నిజంగా 6 జీబీనే ఉండొచ్చు, ఎందుకంటే రాసినంతవరకే పెరుగుతుంది.

ఒక చిన్న రీడ్ ఎన్ని చేతులు మారుతుందంటే

గెస్ట్‌లో ఏదో ప్రోగ్రామ్ 4 కేబీ చదవాలనుకుంది అనుకుందాం. మొదట గెస్ట్ కెర్నల్ తన పేజ్ క్యాష్‌లో, అంటే ఇంతకుముందు చదివినవి ర్యామ్‌లో దాచుకున్న చోట చూస్తుంది, ఉంటే అక్కడే ఇచ్చేస్తుంది, కథ అక్కడితో అయిపోతుంది. లేకపోతే ఫైల్‌సిస్టమ్ ఆ ఫైల్ ముక్క డిస్క్‌లో ఏ సెక్టార్లో ఉందో చూసి బ్లాక్ లేయర్‌కి చెప్తుంది, అది డ్రైవర్‌కి చెప్తుంది, డ్రైవర్ తన ముందున్న డిస్క్ కంట్రోలర్‌కి చెప్తుంది. ఇక్కడివరకు అంతా గెస్ట్ లోపలే.

ఆ కంట్రోలర్ నిజంగా లేదు కదా, కాబట్టి ఇక్కడ పని ఎమ్యులేటర్ చేతికొస్తుంది. అది గెస్ట్ అడిగిన సెక్టార్ ఇమేజ్ ఫైల్లో ఎక్కడుందో వెతుకుతుంది, హోస్ట్ కెర్నల్‌ని ఆ ఫైల్లో ఫలానా చోట 4 కేబీ ఇవ్వమంటుంది, హోస్ట్ కెర్నల్ మళ్లీ తన పేజ్ క్యాష్ చూస్తుంది, లేకపోతే తన ఫైల్‌సిస్టమ్, తన బ్లాక్ లేయర్, తన డ్రైవర్, ఆఖరికి అసలు డిస్క్. అంటే గెస్ట్‌లో ఏ మెట్లు ఉన్నాయో దాదాపు అవే మెట్లు హోస్ట్‌లో ఇంకోసారి ఉంటాయి, మధ్యలో ఎమ్యులేటర్ ఉంటుంది. డిస్క్ యాక్టివిటీ చూడటం అంటే ఈ మెట్లలో ఏదో ఒకదాని మీద కూర్చుని లెక్కపెట్టడం, ఏ మెట్టు మీద కూర్చున్నామో గుర్తు లేకపోతే ఆ లెక్క పనికిరాదు.

ఇందులో కంట్రోలర్ ఏ వేషంలో ఉందనేది కూడా పెద్ద విషయమే. పాత ఐడీఈ డిస్క్ వేషం వేస్తే గెస్ట్ డ్రైవర్ ఒక్కో రిక్వెస్ట్‌కి సెక్టార్ల సంఖ్య ఒక రిజిస్టర్లో, అడ్రస్ ముక్కలు ఇంకొన్ని రిజిస్టర్లలో, ఆఖరికి కమాండ్ ఒకదాంట్లో విడివిడిగా రాస్తుంది, రాసిన ప్రతిసారీ గెస్ట్ ఆగి ఎమ్యులేటర్ లేవాలి. పైగా ఒకసారికి ఒక్క రిక్వెస్టే నడుస్తుంది. ఒక్కోదానికి 0.5 మిల్లీసెకను పడితే సెకనుకి 2000 రిక్వెస్టులు దాటే దారే లేదు, కింద ఎంత మంచి ఎస్ఎస్‌డీ ఉన్నా సరే. రస్టీ రస్సెల్ మొదలుపెట్టిన విర్ట్ఐవో ఈ నాటకాన్ని వదిలేసింది, గెస్ట్‌కి తను వర్చువల్ అని తెలుసు, రిక్వెస్టులన్నీ ఇద్దరికీ కనిపించే మెమరీలో వరసగా పెట్టి ఒక్కసారి తట్టి లేపుతుంది. కాబట్టి డిస్క్ స్లో అనిపించినప్పుడు ఏ టూల్ తెరవడానికైనా ముందు ఇది ఐడీఈనా విర్ట్ఐవోనా అని చూసుకుంటే చాలా టైమ్ మిగులుతుంది.

రెండు శాంపిళ్లతో నాలుగు కొలతలు

డిస్క్ గురించి మాట్లాడేటప్పుడు నాలుగు మాటలు పదే పదే వస్తాయి. సెకనుకి ఎన్ని రిక్వెస్టులు అయ్యాయి అనేది ఐవోపీఎస్. సెకనుకి ఎన్ని బైట్లు కదిలాయి అనేది థ్రూపుట్. ఒక్కో రిక్వెస్ట్‌కి ఎంతసేపు పట్టింది అనేది లేటెన్సీ. ఒకే సమయంలో సగటున ఎన్ని రిక్వెస్టులు మధ్యలో వేలాడుతున్నాయి అనేది క్యూ డెప్త్.

లినక్స్‌లో ఈ నాలుగూ ఒకే చోటనుంచి వస్తాయి, ప్రాక్ డైరెక్టరీలో డిస్క్‌స్టాట్స్ అనే ఫైల్. అందులో ఉండేవి చాలావరకు బూట్ అయినప్పట్నుంచి పెరుగుతూ పోయే కౌంటర్లు, కాబట్టి ఒకసారి చూస్తే ఏమీ తెలీదు, కొంత గ్యాప్‌తో రెండుసార్లు చూసి తీసివేయాలి. ఐవోస్టాట్ అనే టూల్ చేసేది కూడా ఇదే.

చేత్తో ఒకసారి లెక్క వేద్దాం. 10 సెకన్ల తేడాతో రెండు శాంపిళ్లు తీశాం. పూర్తయిన రీడ్లు 12,000 నుంచి 12,600కి వెళ్లాయి. చదివిన సెక్టార్లు 9,60,000 నుంచి 10,56,000కి. చదవడానికి పట్టిన మిల్లీసెకన్లు 48,000 నుంచి 50,400కి. అంటే 10 సెకన్లలో 600 రీడ్లు, ఐవోపీఎస్ 60. సెక్టార్లు 96,000 పెరిగాయి, ఈ ఫైల్లో సెక్టార్ అంటే డిస్క్ ఏదైనా సరే 512 బైట్లే, కాబట్టి 4,91,52,000 బైట్లు, సెకనుకి దాదాపు 4.9 ఎంబీ. ఒక్కో రీడ్ సైజు 160 సెక్టార్లు అంటే 80 కేబీ. పట్టిన టైమ్ 2,400 మిల్లీసెకన్లు, 600తో భాగిస్తే ఒక్కో రీడ్‌కి 4 మిల్లీసెకన్లు. క్యూ డెప్త్ కావాలంటే ఐవోపీఎస్‌ని లేటెన్సీతో గుణిస్తే సరి, 60 ఇంటూ 0.004, అంటే 0.24. ఈ ఆఖరి లెక్కని లిటిల్స్ లా అంటారు, దీంతో మళ్లీ పని పడుతుంది, గుర్తుంచుకోండి.

100 శాతం బిజీ అంటే నిండిపోయిందని కాదు

అందరినీ ఎక్కువ తికమక పెట్టేది ఈ శాతం నంబరే. ఐవోస్టాట్‌లో యుటిల్ అని కనిపించేదైనా, విండోస్ టాస్క్ మేనేజర్లో యాక్టివ్ టైమ్ అనేదైనా, దాని అర్థం కనీసం ఒక్క రిక్వెస్ట్ అయినా పెండింగ్‌లో ఉన్న సమయం ఎంత శాతం అని. ఎన్ని పెండింగ్‌లో ఉన్నాయో అది చెప్పదు.

ఒక్కో రీడ్‌కి 1 మిల్లీసెకను పట్టే డిస్క్ ఉందనుకోండి. ఒక ప్రోగ్రామ్ ఒకటి అయ్యాక ఒకటి ఆపకుండా అడుగుతుంటే సెకనుకి 1000 రీడ్లు, బిజీ 100 శాతం. అదే డిస్క్‌ని పది ప్రోగ్రాములు ఒకేసారి అడిగితే, ఎస్ఎస్‌డీ పదింటినీ పక్కపక్కనే చేయగలదు కాబట్టి సెకనుకి 10,000 రీడ్లు, బిజీ మళ్లీ 100 శాతమే. ఒకసారికి ఒకే పని చేసే పాత హార్డ్ డిస్క్‌కి ఈ శాతం కొంతవరకు అర్థవంతం, గెస్ట్‌కి కనిపించే వర్చువల్ డిస్క్‌కైతే దాదాపు ఏమీ చెప్పదు, ఎందుకంటే దాని వెనకాల ఒక ఎస్ఎస్‌డీ ఉందో, ఎనిమిది డిస్కులు కలిపి కట్టిన గుంపు ఉందో, నెట్‌వర్క్ అవతల ఇంకేదో ఉందో గెస్ట్‌కి తెలిసే అవకాశమే లేదు. ఇలాంటి కారణంతోనే ఒకప్పుడు ఐవోస్టాట్‌లో ఉండే ఎస్‌వీసీటీఎమ్ అనే కాలమ్‌ని నమ్మొద్దని మాన్యువల్లోనే రాసి తర్వాత తీసేశారు. శాతం కన్నా లేటెన్సీ, క్యూ చూడటం మేలు.

లోపల, మధ్యలో, బయట: ఎక్కడ ఏం కనిపిస్తుంది

లోపల అంటే గెస్ట్‌లో మామూలు కంప్యూటర్లో వాడే టూల్స్ అన్నీ పనిచేస్తాయి. విండోస్‌లో రిసోర్స్ మానిటర్, పెర్ఫ్‌మాన్, ప్రాసెస్ మానిటర్, లినక్స్‌లో ఐవోస్టాట్, ఐవోటాప్, పిడ్‌స్టాట్, ఇంకా లోతుగా కావాలంటే జెన్స్ ఆక్స్‌బో రాసిన బీఎల్‌కేట్రేస్. వీటికి ఉన్న బలం ఏంటంటే ఏ ప్రోగ్రామ్, ఏ ఫైల్ అనేది పేరుతో సహా చెప్తాయి. బలహీనత ఏంటంటే గెస్ట్ గోడ అవతల ఏం జరుగుతుందో వీటికి అస్సలు కనపడదు, రిక్వెస్ట్ బయటికి పోయింది, ఇంతసేపటికి తిరిగొచ్చింది, అంతే. ఇంకోటి, చూడటం కూడా పనే కదా, ట్రేస్ లాగ్‌ని మనం గమనిస్తున్న డిస్క్ మీదే రాస్తే ఆ రాతలు కూడా లెక్కలోకి వస్తాయి, అవి మళ్లీ లాగ్ అవుతాయి. లాగ్‌ని వేరే డిస్క్‌కి పంపడమో, బీఎల్‌కేట్రేస్‌లో ఉన్నట్టు నెట్‌వర్క్ మీదుగా పంపడమో చేసేది అందుకే.

మధ్యలో అంటే ఎమ్యులేటర్ దగ్గర. చాలామంది ఈ మెట్టుని దాటేసి వెళ్లిపోతారు, నా దృష్టిలో అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. బాక్స్ (Bochs), 86బాక్స్, వర్చువల్‌బాక్స్ లాంటి వాటిలో విండో అడుగున డిస్క్ బొమ్మ వెలిగి ఆరుతుంటుంది చూడండి, అది ఎమ్యులేటర్ తన కంట్రోలర్ దగ్గర చూసినదాన్ని చూపిస్తోంది, అసలు కంప్యూటర్ మీదుండే చిన్న లైట్‌కీ దానికీ సంబంధం లేదు. నంబర్లు కావాలంటే క్యూఎమూ మానిటర్లో ఇన్ఫో బ్లాక్‌స్టాట్స్ అని కొడితే ఒక్కో డ్రైవ్‌కి చదివిన బైట్లు, రాసిన బైట్లు, ఎన్ని రీడ్లు, ఎన్ని రైట్లు, ఎన్ని ఫ్లష్‌లు, వీటికి పట్టిన మొత్తం సమయం నానోసెకన్లలో, అన్నీ వస్తాయి. ఇవీ పెరుగుతూ పోయే కౌంటర్లే, పైన చేసినట్టే తీసివేసి భాగించాలి. వర్చువల్ మెషీన్లని సంభాళించే లిబ్‌వర్ట్ వాడేవాళ్లకి వర్ష్ డాంబ్లాక్‌స్టాట్ అనే కమాండ్ ఇవే ఇస్తుంది. ఇంకా ఒక్కో రిక్వెస్ట్‌నీ విడిగా చూడాలంటే క్యూఎమూ ట్రేస్ ఆప్షన్ ఉంది.

వీఎంవేర్ వాళ్ల హోస్ట్ సాఫ్ట్‌వేర్ ఈఎస్ఎక్స్ఐలో ఈఎస్ఎక్స్‌టాప్ అనే టూల్ ఇంకో అడుగు ముందుకేసి లేటెన్సీని విడగొట్టే చూపిస్తుంది. డీఏవీజీ అంటే అసలు పరికరం దగ్గర పట్టింది, కేఏవీజీ అంటే హైపర్‌వైజర్ (గెస్ట్‌లని నడిపే సాఫ్ట్‌వేర్) కెర్నల్లో ఆగింది, రెండూ కలిపితే జీఏవీజీ, గెస్ట్‌కి అనిపించేది. జీఏవీజీ 22, డీఏవీజీ 2, కేఏవీజీ 20 అని వస్తే స్టోరేజ్‌ని అనుమానించాల్సిన పనే లేదు, మధ్యలో క్యూ కడుతోందని అక్కడే తేలిపోయింది. ఈ ఒక్క తీసివేతే మొత్తం వ్యవహారానికి ప్రాణం.

బయట అంటే హోస్ట్‌లో. ఇక్కడ గెస్ట్ అనేది ఒక మామూలు ప్రాసెస్. ఆ ప్రాసెస్ నంబరు కింద ప్రాక్‌లో ఐవో అనే ఫైల్ చూస్తే రెండు రకాల లెక్కలు ఉంటాయి, ఆర్‌చార్ అంటే రీడ్ కాల్స్ ద్వారా అడిగి తీసుకున్న బైట్లు, రీడ్ బైట్స్ అంటే నిజంగా స్టోరేజ్ నుంచి తెప్పించాల్సి వచ్చిన బైట్లు. ఈ రెండిటి మధ్య తేడా చూస్తే హోస్ట్ క్యాష్ ఎంత మోస్తోందో తెలుస్తుంది. హోస్ట్ ఐవోస్టాట్ మొత్తం డిస్క్‌ది చెప్తుంది, పది గెస్ట్‌లు ఉంటే పదింటిదీ కలిపి.

ఒకే 1 జీబీ ఫైల్, మూడుసార్లు

మొదట్లో చెప్పిన సెకనుకి 2 జీబీ ఎలా వచ్చిందో ఇప్పుడు చూడొచ్చు. క్యూఎమూలో క్యాష్ మోడ్ రైట్‌బ్యాక్, అంటే హోస్ట్ పేజ్ క్యాష్‌ని కూడా వాడుకునే, మామూలుగా ఉండే మోడ్, క్యూఎమూ త్రెడ్లతో మామూలు రీడ్ కాల్స్ వాడుతోంది, గెస్ట్‌కీ హోస్ట్‌కీ ఖాళీ ర్యామ్ బోలెడంత ఉంది అనుకుందాం.

మొదటిసారి 1 జీబీ ఫైల్ చదివాం. గెస్ట్ డిస్క్ లెక్కలో 1 జీబీ, క్యూఎమూ లెక్కలో 1 జీబీ, హోస్ట్ ఆర్‌చార్‌లో 1 జీబీ, రీడ్ బైట్స్‌లో 1 జీబీ. అన్నీ కలిశాయి, స్పీడు హార్డ్ డిస్క్ ఎంతో అంతే.

వెంటనే రెండోసారి చదివాం. ప్రోగ్రామ్‌కి 1 జీబీ అందింది, గెస్ట్ డిస్క్ లెక్కలో సున్నా, కిందున్న అందరి లెక్కల్లోనూ సున్నా, ఎందుకంటే గెస్ట్ పేజ్ క్యాషే ఇచ్చేసింది.

ఇప్పుడు గెస్ట్‌లో డ్రాప్ క్యాషెస్ చేసి మూడోసారి చదివాం. గెస్ట్ డిస్క్ లెక్కలో 1 జీబీ, క్యూఎమూలో 1 జీబీ, ఆర్‌చార్‌లో 1 జీబీ, కానీ రీడ్ బైట్స్ సున్నా. గెస్ట్ తన క్యాష్ ఖాళీ చేసుకుంది గానీ హోస్ట్ క్యాష్‌లో ఆ ఫైల్ ఇంకా అలాగే ఉంది. గెస్ట్ మాత్రం నేను డిస్క్ నుంచి సెకనుకి 2 జీబీ చదివాను అని నమ్మకంగా చెప్తుంది, తనవైపు నుంచి అది నిజమే. గెస్ట్‌లో క్యాష్ క్లియర్ చేసి బెంచ్‌మార్క్ చేశాం కదా అని ఆ నంబర్లు పట్టుకుని నిర్ణయాలు తీసుకోవడం ఎంత ప్రమాదమో ఇక్కడ తెలుస్తుంది.

క్యాష్ మోడ్ నన్ అని పెడితే హోస్ట్ పేజ్ క్యాష్ పక్కకి తప్పుకుంటుంది, అప్పుడు మూడోసారి కూడా అసలు డిస్క్ దాకా వెళ్లాల్సిందే. ఏది మంచిది అనే దగ్గర రెండు వాదనలూ ఉన్నాయి. నన్ వైపు వాళ్లు అనేది, ఒకే డేటా గెస్ట్ ర్యామ్‌లో ఒకసారి హోస్ట్ ర్యామ్‌లో ఒకసారి ఎందుకు, పైగా కొలిచేది నిజానికి దగ్గరగా ఉంటుంది అని. రైట్‌బ్యాక్ వైపు వాళ్లు, ఇరవై గెస్ట్‌లు ఒకే బేస్ ఇమేజ్ (అందరికీ ఉమ్మడిగా కింద ఉండే ఇమేజ్) మీద నడుస్తుంటే ఆ ఇమేజ్ హోస్ట్ క్యాష్‌లో ఒక్కసారి ఉంటే అందరికీ సరిపోతుంది కదా అంటారు. రెండూ సరైనవే, పనిని బట్టి.

రాయడం దగ్గర 4 కేబీ కాస్తా 64 కేబీ ఎలా అవుతుంది

చదవడంలో కింది లెక్క తగ్గుతుంది, రాయడంలో చాలాసార్లు పెరుగుతుంది. క్యూకౌ2 ఇమేజ్ లోపల డేటాని క్లస్టర్లుగా పెడుతుంది, మామూలుగా క్లస్టర్ 64 కేబీ. గెస్ట్ డిస్క్‌లో ఫలానా చోటు ఫైల్లో ఎక్కడుందో చెప్పడానికి రెండంచెల పట్టికలు ఉంటాయి, ఎల్1, ఎల్2 అని.

ఒక బేస్ ఇమేజ్ మీద స్నాప్‌షాట్ లాగా కొత్త క్యూకౌ2 పెట్టి నడుపుతున్నాం అనుకుందాం. గెస్ట్ ఇంతవరకు తాకని చోట 4 కేబీ రాసింది. పై ఇమేజ్‌లో ఆ క్లస్టర్ లేదు కాబట్టి కొత్త క్లస్టర్ ఇవ్వాలి, మిగతా 60 కేబీ బేస్ ఇమేజ్ నుంచి చదివి తెచ్చి కలపాలి, మొత్తం 64 కేబీ రాయాలి, ఆపైన ఎల్2 పట్టికలో ఎంట్రీ, రిఫరెన్స్ లెక్క ఉండే చోట ఇంకో ఎంట్రీ. గెస్ట్ లెక్కలో ఒక్క 4 కేబీ రైట్. హోస్ట్ లెక్కలో 60 కేబీ రీడ్, 64 కేబీ రైట్, పైన మెటాడేటా రాతలు. డేటా ఒక్కటే చూసుకున్నా 16 రెట్లు. అదే చోట రెండోసారి 4 కేబీ రాస్తే క్లస్టర్ ఉంది కాబట్టి 4 కేబీతోనే సరిపోతుంది. స్నాప్‌షాట్ తీసిన వెంటనే మెషీన్ కాసేపు బరువుగా అనిపించి తర్వాత సర్దుకోవడం వెనక ఉన్నది ఇదే.

చదివేటప్పుడూ ఈ పట్టికల ఖర్చు ఉంటుంది. ఒక ఎల్2 ఎంట్రీ 8 బైట్లు, కాబట్టి 1 ఎంబీ ఎల్2 క్యాష్ సరిగ్గా 8 జీబీ డిస్క్‌కి సరిపోతుంది. డిస్క్ పెద్దది, క్యాష్ చిన్నది, చదివేది చెల్లాచెదురుగా అయితే ఒక్కో రీడ్‌కి ముందు పట్టిక కోసం ఇంకో రీడ్ అవుతుంది, ఇది గెస్ట్‌కి లేటెన్సీగా తప్ప రిక్వెస్ట్‌గా ఎప్పటికీ కనిపించదు.

ఇక ఫ్లష్. డేటాబేస్ లాంటివి రాసింది నిజంగా డిస్క్ మీదకి చేరిందా అని గట్టిగా అడుగుతాయి, అదే ఫ్లష్ కమాండ్. దాన్ని ఎమ్యులేటర్ హోస్ట్‌కి ఎఫ్‌డేటాసింక్‌గా పంపుతుంది. అన్‌సేఫ్ అనే క్యాష్ మోడ్‌లో మాత్రం ఫ్లష్‌ని పట్టించుకోకుండా సరే అయిపోయింది అనేస్తుంది. పాడైనా పర్లేదు అనుకునే టెంపరరీ మెషీన్లకి, ఇన్‌స్టాలేషన్ టెస్టులకి అది చాలా బాగుంటుంది. అసలు డేటా ఉన్న మెషీన్లో అది పెట్టి రైట్ లేటెన్సీ ఎంత బాగుందో అని సంతోషపడితే, హోస్ట్‌కి కరెంట్ పోయిన రోజు ఫైల్‌సిస్టమ్ దెబ్బతింటుంది. అందుకే రైట్ నంబర్లు అనుమానంగా బాగున్నప్పుడు ఫ్లష్ కౌంటర్, ఫ్లష్‌కి పట్టిన సమయం తప్పకుండా చూడాలి. వేల ఫ్లష్‌లు ఉండి వాటికి పట్టిన సమయం దాదాపు సున్నా అయితే ఎవరో మధ్యలో ఒప్పేసుకుంటున్నారని అర్థం.

లోపలి గడియారం ఎప్పుడూ మన గడియారం కాదు

లేటెన్సీ అంటే రెండు టైమ్‌ల మధ్య తేడా, ఆ టైమ్ ఎవరి గడియారంలోది అనే ప్రశ్న వర్చువల్ మెషీన్లో నిజమైన ప్రశ్న. హోస్ట్ ప్రాసెసర్ మీద చాలామంది గెస్ట్‌లు పోటీ పడుతున్నారనుకోండి. డిస్క్ 1 మిల్లీసెకనులో పని ముగించింది, పని అయిందని చెప్పే ఇంటరప్ట్ సిద్ధంగా ఉంది, కానీ మన గెస్ట్‌కి ప్రాసెసర్ దొరకడానికి ఇంకో 20 మిల్లీసెకన్లు పట్టింది. గెస్ట్ లేచి చూసుకుని ఈ రీడ్‌కి 21 మిల్లీసెకన్లు పట్టింది అని రాసుకుంటుంది. డిస్క్ తప్పేం లేదు, ప్రాసెసర్ కరువు. గెస్ట్‌లో టాప్ కమాండ్‌లో ఎస్‌టీ అని కనిపించే స్టీల్ టైమ్ పెరిగి ఉంటే డిస్క్ లేటెన్సీ నంబర్లని నమ్మే ముందు ఆగాలి.

క్యూఎమూలో ఐకౌంట్ అని ఒక మోడ్ ఉంది, అందులో గెస్ట్ గడియారం ఎన్ని ఇన్‌స్ట్రక్షన్లు నడిచాయో దాన్నిబట్టి కదులుతుంది. అలాంటప్పుడు లోపలి మిల్లీసెకన్లని బయటి మిల్లీసెకన్ల పక్కన పెట్టి పోల్చకూడదు. పాత కంప్యూటర్ల ఎమ్యులేటర్లలో దీనికి ఇంకో రూపం కనిపిస్తుంది, 1.44 ఎంబీ ఫ్లాపీ నిమిషానికి 300 సార్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకి 200 మిల్లీసెకన్లు, ఎమ్యులేటర్‌కి అది ఒక ఫైలే కాబట్టి వెంటనే ఇచ్చేయగలదు, కానీ అప్పటి కొన్ని ప్రోగ్రాములు కాపీ ప్రొటెక్షన్ కోసం ఆ తిరిగే టైమ్‌నే కొలిచేవి, అందుకని కచ్చితత్వం కోరుకునే ఎమ్యులేటర్లు కావాలనే ఆలస్యాన్ని కూడా నటిస్తాయి.

లోపల్నించి చూడాలా బయట్నించా: రెండు పక్షాలు

సెక్యూరిటీ వాళ్లలో ఇది పాత చర్చ. లోపల ఏజెంట్, అంటే గమనించే ప్రోగ్రామ్, పెడితే ఫైల్ పేర్లు, ప్రాసెస్ పేర్లు అన్నీ దొరుకుతాయి. కానీ మాల్‌వేర్ కూడా అదే ఇంట్లో ఉంది, ఏజెంట్‌ని గుర్తుపట్టగలదు, దానికి అబద్ధం చూపించగలదు, ఆపేయగలదు. బయట్నించి చూస్తే గెస్ట్‌కి తెలియదు, ఆపడం కుదరదు. గార్ఫింకెల్, రోసెన్‌బ్లమ్ 2003లో రాసిన పేపర్ ఈ బయట్నించి చూసే పద్ధతికి వర్చువల్ మెషీన్ ఇంట్రోస్పెక్షన్ అనే పేరుని బాగా ప్రచారంలోకి తెచ్చింది. దీనికున్న పెద్ద ఇబ్బందిని సెమాంటిక్ గ్యాప్ అంటారు, అంటే బయట కనిపించేది సెక్టార్ నంబర్లు, మనకి కావాల్సింది ఫైల్ పేర్లు, మధ్యలో అర్థం తెగిపోతుంది.

ఆ గ్యాప్ ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. బయట ట్రేస్‌లో సెక్టార్ 20,48,000 దగ్గర 8 సెక్టార్లు రాసినట్టు కనిపించింది, అంటే 4 కేబీ. గెస్ట్‌లో పార్టిషన్ 2048వ సెక్టార్ దగ్గర మొదలవుతుంది, ఎక్స్‌ట్4 ఫైల్‌సిస్టమ్, బ్లాక్ సైజు 4 కేబీ. 20,48,000లోంచి 2048 తీస్తే 20,45,952, దాన్ని 8తో భాగిస్తే 2,55,744. అది బ్లాక్ నంబర్. డీబగ్‌ఎఫ్ఎస్ అనే టూల్లో ఐచెక్ అని ఈ నంబర్ ఇస్తే ఐనోడ్ (ఫైల్‌సిస్టమ్ ఒక్కో ఫైల్‌కి ఇచ్చే నంబరు) వస్తుంది, ఆ ఐనోడ్‌ని ఎన్‌చెక్‌కి ఇస్తే ఫైల్ పేరు వస్తుంది. దొరికింది కదా అనిపిస్తుంది, కానీ మధ్యలో ఎల్‌వీఎమ్ (డిస్క్ చోటుని ముక్కలుగా పంచే లినక్స్ పొర) ఉంటే ఈ లెక్క మారుతుంది, మనం వెతికేలోపు ఆ ఫైల్ డిలీట్ అయ్యి బ్లాక్ ఇంకొకరికి వెళ్లి ఉండొచ్చు, ఇంకోటి గెస్ట్ క్యాష్‌లో ఉన్న రాత చాలా సెకన్ల తర్వాత బయటికి వస్తుంది కాబట్టి రాసిన ప్రాసెస్ అప్పటికే ముగిసిపోయి ఉండొచ్చు. గెస్ట్‌లో డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే బిట్‌లాకర్ గానీ లక్స్ గానీ ఉంటే లోపలి విషయం అసలే చదవలేం, ఎక్కడ ఎంత రాశారు అనేది మాత్రం కనిపిస్తుంది. ఒకేసారి డిస్క్ మొత్తాన్ని చదివి అక్కడే తిరిగి రాస్తూ పోవడం లాంటి వరస మాత్రం ఎన్‌క్రిప్షన్ ఉన్నా బయటికి తెలుస్తుంది, అదీ ఒక సమాచారమే.

స్పీడు సమస్య వెతికేవాళ్లకి ఇంత చర్చ అక్కర్లేదు, వాళ్లకి రెండు వైపులా కావాలి.

మొదటి సీన్‌కి తిరిగొస్తే

లోపల 100 శాతం, బయట 3 శాతం. మూడు మెట్ల మీద మూడు లేటెన్సీలు తీద్దాం. గెస్ట్ ఐవోస్టాట్ 64 మిల్లీసెకన్లు అంటోంది, క్యూ 32, ఐవోపీఎస్ 500. హోస్ట్ అసలు డిస్క్ దగ్గర రిక్వెస్ట్‌కి 0.06 మిల్లీసెకన్లు. డిస్క్ తప్పు కాదని తేలిపోయింది, ఇక మిగిలింది మధ్యలోది.

క్యూఎమూ బ్లాక్‌స్టాట్స్‌లో మొత్తం సమయాన్ని ఆపరేషన్లతో భాగిస్తే 0.3 మిల్లీసెకన్లు వచ్చిందనుకోండి. అంటే ఎమ్యులేటర్ చేతికి రిక్వెస్ట్ వచ్చాక ఆలస్యమేమీ లేదు, 64లో మిగిలినదంతా గెస్ట్ వైపే పోయింది, స్టీల్ టైమ్ చూడాలి, గెస్ట్ డ్రైవర్ చూడాలి, ఐడీఈ లాగా ఒక్కొక్కటిగా పంపుతోందేమో చూడాలి.

అలా కాకుండా బ్లాక్‌స్టాట్స్‌లో కూడా 64 దగ్గరే వస్తే ఆలస్యం ఎమ్యులేటర్ లోపల ఉంది. ఇప్పుడు లిటిల్స్ లా బయటికి తీద్దాం, క్యూ 32ని లేటెన్సీ 0.064 సెకన్లతో భాగిస్తే సరిగ్గా 500. ఐవోపీఎస్ ఇలా గుండ్రటి అంకె దగ్గర కదలకుండా నిలబడటం, లోడ్ పెంచితే ఐవోపీఎస్ పెరగకుండా లేటెన్సీ మాత్రమే పెరగడం, ఇది ఎవరో లిమిట్ పెట్టినప్పుడు కనిపించే తీరు. క్యూఎమూలో డ్రైవ్‌కి ఐవోపీఎస్ లిమిట్ పెట్టే సదుపాయం ఉంది, ఒకే హోస్ట్ మీద చాలామంది ఉన్నప్పుడు ఒకరు అందరి డిస్క్‌నీ లాగేసుకోకుండా పెడతారు. క్యూని 64కి పెంచి చూడండి, లిమిట్ అయితే లేటెన్సీ 128కి వెళ్తుంది, ఐవోపీఎస్ 500 దగ్గరే ఉంటుంది. అప్పుడు గెస్ట్‌లో ఏం ట్యూన్ చేసినా, కింద డిస్క్ మార్చినా ఉపయోగం లేదు, ఆ 500ని మార్చగలిగేది హోస్ట్ చూసుకునేవాళ్లే, వాళ్లకి ఈ మూడు నంబర్లు పక్కపక్కన పెట్టి పంపితే చాలు.